ఐడ్లింగ్ నిలవట్లేదా? కార్బురేటర్ విప్పే ముందు గాలి లీకు వెతకండి

కారు బాగానే స్టార్ట్ అవుతుంది, స్పీడు మీద బాగానే లాగుతుంది. బండి ఆపి యాక్సిలరేటర్ వదిలితే మాత్రం, అంటే ఐడ్లింగ్‌లో, ఇంజిన్ వణికి ఆగిపోతుంది. ఐడ్లింగ్ స్క్రూ బిగిస్తే ఇంజిన్ అరుస్తుంది, వదులు చేస్తే కథ మళ్లీ మొదటికే. చాలామంది ఇక్కడే కార్బురేటర్ విప్పి జెట్లు కడగడం మొదలుపెడతారు. నన్నడిగితే అది చివర్లో చేయాల్సిన పని.

ఎందుకిలా అవుతుంది

థ్రాటిల్ ప్లేటు మూసుకుని ఉన్నప్పుడు దాని కింద, సిలిండర్లకు గాలి, పెట్రోలు తీసుకెళ్లే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ బలంగా ఉంటుంది. మంచి కండిషన్‌లో ఉన్న ఇంజిన్‌కి ఐడ్లింగ్‌లో వాక్యూమ్ గేజ్ పెడితే సుమారు 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కలో) చూపిస్తుంది. (ఎత్తు ప్రదేశాల్లో ప్రతి 300 మీటర్లకు దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది, కంగారు పడక్కర్లేదు.) అక్కడ వెంట్రుకంత సందున్నా బయటి గాలి లోపలికి దూరుతుంది. ఆ గాలికి తగ్గ పెట్రోలు కార్బురేటర్ ఇవ్వదు కాబట్టి మిక్చర్ (గాలి, పెట్రోలు కలయిక) పల్చబడుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే అసలు దారిలోనే బోలెడు గాలి వెళ్తుంది, ఈ లీకు లెక్కలోకి రాదు. అందుకే రోడ్డు మీద తెలియదు.

లీకేనా అని తేల్చుకోవడం

ఇంజిన్ వేడెక్కాక చోక్ కొద్దిగా లాగి చూడండి. ఐడ్లింగ్ సర్దుకుంటే మిక్చర్ పల్చగా ఉన్నట్టే. అయితే ఐడ్లింగ్‌కి పెట్రోలు ఇచ్చే స్లో జెట్ మూసుకుపోయినా ఇదే లక్షణం. ఐడ్లింగ్ స్క్రూ పూర్తిగా వెనక్కి తిప్పినా, యాక్సిలరేటర్ కేబుల్ వదులుగానే ఉన్నా ఇంజిన్ స్పీడు దిగకపోతే మాత్రం గాలి లీకు మీదే అనుమానం పెట్టుకోండి.

ముందు పైపులు

ఇంజిన్ ఆన్‌లో ఉంచి, మానిఫోల్డ్ నుంచి వెళ్లే రబ్బరు పైపులను ఒక్కొక్కటిగా ప్లయర్‌తో మెల్లగా నొక్కండి. ఏది నొక్కినప్పుడు ఐడ్లింగ్ గాడిన పడుతుందో లీకు ఆ పైపులోనో, దాని అవతలి భాగంలోనో ఉంది. క్రాంక్‌కేస్ గాలి పైపు నొక్కితే స్పీడు కొంచెం తగ్గడం మామూలే. పైపు మధ్యలో చూసి బాగుందనుకోవద్దు. నిపుల్ మీద ఎక్కే చివరను వేళ్లతో వంచండి, పగుళ్లు అక్కడే నోరు తెరుస్తాయి. పైపు ఇంకా మెత్తగా ఉంటే ఆ ముక్క కోసి మళ్లీ ఎక్కించవచ్చు. గట్టిపడితే మార్చేయడమే. వాడని నిపుల్స్‌కి పెట్టిన రబ్బరు మూతలు కూడా చూడండి.

బ్రేక్ పెడల్ కూడా గట్టిగా ఉంటే, వాక్యూమ్‌తో బ్రేకుకి బలమిచ్చే బూస్టర్ పైపు దగ్గర మొదలుపెట్టండి. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, అలాగే తొక్కిపట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే పైపు, వాల్వ్, బూస్టర్‌లలో ఏదో పోయింది. ఇది బ్రేకుల వ్యవహారం, తేల్చకుండా బండి తీయొద్దు.

తర్వాత జాయింట్లు

కార్బ్ క్లీనర్ స్ప్రే చేసి, ఇంజిన్ స్పీడు పెరిగిందంటే లీకు దొరికినట్టే అంటారు. నిజమే, కానీ అది వేడి ఎగ్జాస్ట్ మీద పడితే అంటుకుంటుంది. నేను నీళ్లతోనే మొదలుపెడతాను. సన్నటి స్ప్రే బాటిల్‌తో కార్బురేటర్ అడుగు ప్యాకింగ్, మానిఫోల్డ్ హెడ్‌ని కలిసే చోటు, థ్రాటిల్ షాఫ్ట్ రెండు చివరలు తడపండి. ఒక్కో చోట ఒక్క పిచికారీ, కొన్ని సెకన్లు ఆగి వినడం. ఇంజిన్ తడబడితే లీకు అక్కడే. ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ తడిస్తే కూడా తడబడుతుంది, వాటి జోలికి పోవద్దు.

అడుగు ప్యాకింగ్ దగ్గర దొరికితే వెంటనే నట్లు బలంగా బిగించాలనిపిస్తుంది. అలా బిగించే చాలా కార్బురేటర్ల అడుగు వంగుతుంది, నట్లు పట్టే చెవుల దగ్గర కిందికి దిగి మధ్యలో సందు వస్తుంది. విప్పి, పాత ప్యాకింగ్ పూర్తిగా గీకేసి, స్టీల్ స్కేలు అంచు ఆనించి కింద వెలుతురు కనిపిస్తుందేమో చూడండి. కొద్దిపాటి వంపైతే గాజు పలక మీద ఎమెరీ పేపర్ పరిచి సమంగా రుద్దితే పోతుంది. కార్బురేటర్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్యలో ఉండే ఇన్సులేటర్ దిమ్మకు పగులుంటే మార్చాలి. కొత్త ప్యాకింగ్ వేసి నట్లు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. మామూలు సిలికాన్ పేస్టు పూయొద్దు, పెట్రోలుకి అది ఉబ్బి ఊడి లోపలికి పోతుంది.

షాఫ్ట్ దగ్గర లీకైతే ప్యాకింగ్‌లతో పని జరగదు. షాఫ్ట్ పట్టుకుని పక్కలకు కదిపితే ఆట (వదులు) తెలుస్తుంది. బాడీకి కొత్త బుష్‌లు వేయించాలి, అది లేత్ పని.

లీకు పోయాక

ఐడ్లింగ్ ఒక్కసారిగా ఎక్కువైతే భయపడకండి. లీకును కప్పిపుచ్చడానికి ఎవరో తిప్పిన స్క్రూలు ఇంకా అలాగే ఉంటాయి. ముందు ఐడ్లింగ్ తగ్గించి, గేజ్ ముల్లు అన్నిటికన్నా పైకి వెళ్లే చోటికి మిక్చర్ స్క్రూ తిప్పండి. ఆ తర్వాత ఐడ్లింగ్‌ను మాన్యువల్‌లో చెప్పిన ఆర్‌పీఎంకి తెచ్చి, మిక్చర్ స్క్రూ ఇంకోసారి సరిచూడండి.