గోఫెర్ మ్రాను: బైబిల్లో ఒక్కసారే వచ్చే మాటను ఎలా చెప్పాలి

కొత్తపట్నం, జువ్వలదిన్నె లాంటి సముద్రపు ఊళ్లలో నోవహు పాఠం మొదలుపెడితే 'ఓడ ఏ చెక్కతో కట్టాడు?' అని అడుగుతారు. పడవ తెలిసినవాళ్ల ప్రశ్న అది, దాటేయకూడదు. తెలుగు బైబిల్లో ఆదికాండము 6:14లో 'చితిసారకపు మ్రాను' అని ఉండేసరికి చెట్టు తేలిపోయిందనుకుంటాం. హీబ్రూలో ఉన్నది 'అత్సే గోఫెర్'. అత్సే అంటే మ్రానులు. గోఫెర్ ఏ చెట్టో తేలలేదు.

ముందు కాంకార్డెన్స్‌లో, అంటే బైబిల్లోని ప్రతి మాటా ఎక్కడెక్కడ వస్తుందో చూపే పదసూచికలో, గోఫెర్‌కు ఇచ్చిన స్ట్రాంగ్స్ నంబరు 1613 చూడండి. ఈ ఒక్క వచనమే కనిపిస్తుంది, అంటే పోల్చి చూడ్డానికి మరో చోటు లేదు. తర్వాత పాత అనువాదాలు పక్కపక్కన పెట్టుకోండి. గ్రీకు సెప్టువజింతులో నలుపలకలుగా చెక్కిన కలప, లాటిన్ వుల్గాతలో నునుపు చేసిన కలప, అరామిక్ ఒంకెలోసులో దేవదారు. మొదటి రెండూ చెక్కిన తీరు చెబుతున్నాయే గాని చెట్టు పేరెత్తలేదు. ఇప్పటి అనువాదాల్లో కనిపించే సైప్రస్ ఓడలకు వాడిన కలపే, గ్రీకు పేరు కుపారిస్సోస్ శబ్దమూ దగ్గరే. అయినా అది ఊహే. నిఘంటువులో 'బహుశా' అని ఉంటే పాఠంలోనూ ఆ మాట ఉంచండి.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇదే వచనంలోని 'కోఫెర్' దగ్గర. తెలుగులో అది 'కీలు', అంటే ఓడకు పూసే తారు. నిర్గమకాండము 30:12లో ప్రాణ పరిక్రయ ధనానికీ, అంటే ప్రాణం విడిపించుకోడానికి చెల్లించే సొమ్ముకూ, కోఫెర్ అనే ఉంది కాబట్టి, ఓడకు పూసింది ప్రాయశ్చిత్తమేనని ప్రసంగం అల్లేస్తుంటారు. వినడానికి బాగుంటుంది, కానీ నిలవదు. పరమగీతము 1:14లో తెలుగు బైబిల్ కర్పూరపు పూగుత్తులన్న చోట హీబ్రూలో ఉన్నదీ కోఫెరే. అక్కడ దానర్థం గోరింట. అక్షరాలు కలిసినంత మాత్రాన అర్థాలు కలవవు. ఓడ కోఫెర్‌కు అసలు చుట్టం హీబ్రూకు దగ్గరి పాత భాష అక్కాదులోని 'కుప్రు', అంటే నేలలో దొరికే తారు. గంధకానికి హీబ్రూ మాట 'గోఫ్రిత్' కదా అని గోఫెర్‌ను గంధకపు చెట్టు చేయడమూ ఇలాంటి తప్పే.

పసిబిడ్డ మోషేను ఉంచిన జమ్ముపెట్టెకు పూసినదీ తెలుగులో కీలే గనుక రెండు కథలనూ ఆ మాటతో ముడిపెట్టాలనిపిస్తుంది. నిర్గమకాండము 2:3లో హీబ్రూ మాట వేరు, 'జెఫెత్'. ముడి వేరే చోట ఉంది: నోవహు ఓడకూ మోషే పెట్టెకూ హీబ్రూలో ఒకటే మాట, 'తేవా'. ఆ రెండు కథల్లో తప్ప అది బైబిల్లో ఇంకెక్కడా రాదు.