పాత డిగ్రీలు, కొత్త డిగ్రీలు – 4వ పాఠం: తేడాకు 32తో పనిలేదు

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క ఇది: కావలి దగ్గర ఒక రొయ్యల చెరువులో నీళ్ళు పొద్దున 28 డిగ్రీల సెల్సియస్, మధ్యాహ్నానికి 32. ఫారెన్‌హీట్‌లో ఎన్ని డిగ్రీలు పెరిగినట్టు? మీరు పంపిన జవాబుల్లో ఎక్కువ 39.2. సరైన జవాబు 7.2. ఈ తప్పు దిద్దుకోకుండా ముందుకు పోతే ఈరోజు పాఠం మొత్తం గాడి తప్పుతుంది. అందుకే కొత్త సంగతిని కాసేపు పక్కన పెడుతున్నాను.

39.2 ఎలా వచ్చిందో తెలుస్తూనే ఉంది. నాలుగును 1.8తో గుణించారు, 7.2 వచ్చింది. సెల్సియస్‌ను 1.8తో గుణించి 32 కలిపితే ఫారెన్‌హీట్ అని సూత్రంలో ఉంది కదా అని 32 కలిపారు. జవాబు చేతికి వచ్చాక పాడుచేసుకున్నారు. ఒకసారి సరిచూడండి. 28 సెల్సియస్ అంటే 82.4 ఫారెన్‌హీట్. దానికి 39.2 కలిపితే 121.6, అంటే దాదాపు 50 సెల్సియస్. ఆ నీళ్ళలో రొయ్య బతకదు. చెరువు గట్టు మీద నిలబడ్డ మనిషి ఈ అంకె రాయడు.

అసలు 32 ఎందుకొచ్చింది? మంచు కరిగే చోటును సెల్సియస్ 0 అంటుంది, ఫారెన్‌హీట్ 32 అంటుంది. ఒకటి నేల మీద నుంచి కొలుస్తోంది, ఇంకొకటి అరుగు ఎక్కి ఉంది. పిల్లాణ్ణి అరుగు మీద నిలబెట్టి నేల నుంచి కొలిస్తే అరుగు ఎత్తు కూడా కలుస్తుంది. ఏడాది తర్వాత అదే అరుగు మీద మళ్ళీ కొలిచి, ఎంత పెరిగాడో చూస్తే? అరుగు రెండు కొలతల్లోనూ ఉంది కాబట్టి కొట్టుకుపోతుంది. మిగిలేది పిల్లాడి ఎదుగుదలే.

ఇంకా నమ్మకం కుదరకపోతే జ్వరం చూసే గాజు థర్మామీటరు తీయండి. రెండు కొలతలూ గీసినదై ఉండాలి. వెలుతురుకు పెట్టి చూడండి: 35కు ఎదురుగా 95, 40కి ఎదురుగా 104. ఇటు 5 డిగ్రీలు నడిస్తే అటు 9 డిగ్రీలు నడిచాం. ఆ గాజు మీద 32 ఎక్కడా కనపడదు. జ్వరం 98.6 నుంచి 102.2కి పోయిందంటే పెరిగింది 3.6 ఫారెన్‌హీట్, అంటే 2 సెల్సియస్. ఈ 3.6లోంచి కూడా 32 తీసేసి 1.8తో భాగిస్తే మైనస్ 15.8 వస్తుంది. ఒళ్ళు కాలిపోతుంటే మైనస్ ఏమిటని అక్కడే అనుమానం రావాలి.

కాబట్టి లెక్కలో క్రియను చూడండి. ‘ఉంది’ అంటే 32 కావాలి. ‘పెరిగింది’, ‘తగ్గింది’, ‘ఎక్కువ’, ‘తేడా’ అంటే వద్దు.

నేను సెల్సియస్‌ను ఫారెన్‌హీట్‌లోకి మార్చేటప్పుడు రెట్టింపు చేసి, వచ్చినదాంట్లో పదో వంతు తీసేస్తాను. 40కి రెట్టింపు 80, అందులో 8 పోతే 72. తేడా అడిగితే అక్కడే ఆగుతాను. వేడి ఎంతని అడిగితే 32 కలుపుతాను, 104. రెట్టింపు చేసి 30 కలిపే పద్ధతి కొందరికి అలవాటు. నాకది నచ్చదు. అది సరిగ్గా కుదిరేది 10 సెల్సియస్ దగ్గర ఒక్కచోటే. ఒంగోలు ఎండకు వాడితే 40కి 110 చెబుతుంది, ఆరు డిగ్రీలు ఎక్కువ.

ఇక కొత్త కొలతలు. 1730లో ఫ్రాన్స్‌లో రియోమర్ పెట్టిన కొలతలో మంచుకు 0, మరిగే నీళ్ళకు 80. ఇది సెల్సియస్‌లాగే నేల మీదే ఉంది, అరుగు లేదు. పావు వంతు కలిపితే సెల్సియస్ అయిపోతుంది: 32 రియోమర్‌కు 8 కలిపితే 40. ఫ్రాన్స్, జర్మనీ, రష్యాల పాత రాతల్లో ఈ కొలత బాగా కనిపిస్తుంది. అక్కడ ఉత్త ‘32 డిగ్రీలు’ అని ఉంటే తొందరపడకండి. రియోమర్‌లో అది మన రోహిణీ కార్తె ఎండ, సెల్సియస్‌లో మామూలు పగలు, ఫారెన్‌హీట్‌లో మంచుగడ్డ. అంకెకన్నా ముందు ఏ ఊళ్ళో, ఏ ఏట రాశారో చూడాలి.

రష్యాలో పనిచేసిన ఫ్రెంచివాడు డెలీల్ 1732లో తలకిందుల కొలత పెట్టాడు. తర్వాత మంచుకు 150, మరిగే నీళ్ళకు 0 అని స్థిరపడింది. వేడెక్కేకొద్దీ అంకె తగ్గుతుంది. డెలీల్ అంకెలో మూడింట రెండు వంతులు తీసుకొని 100లోంచి తీసేస్తే సెల్సియస్: 90 డెలీల్ అంటే 40. స్వీడన్‌లో సెల్సియస్ కూడా 1742లో మొదట ఇలాగే తలకిందులుగా, మరిగే నీళ్ళకు 0, మంచుకు 100 అనే పెట్టాడు. తిరగేసింది ఆయన పోయాకే. ఆయన సొంత అంకె 60 అంటే ఇవాళ్టి 40.

అభ్యాసం:

ఒంగోలులో ఒక మధ్యాహ్నం 108 ఫారెన్‌హీట్, మర్నాడు వాన పడి 90 అనుకోండి. ఎంత తగ్గింది? సెల్సియస్, రియోమర్, డెలీల్ మూడింటిలో చెప్పండి. డెలీల్‌లో అంకె ఎటు పోతుందో మాటల్లో రాయండి. తర్వాత, సెల్సియస్, డెలీల్ రెండూ ఒకే అంకె చూపించే వేడి ఎంతో కనుక్కోండి.

ఇవి అయ్యాక మీ ఇంట్లో కుండనీళ్ళు, మిద్దె మీద ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం రెండింటికి మూడు రోజులు కొలవండి. జ్వరం థర్మామీటరు దీనికి పనికిరాదు. రోజువారీ తేడాను నాలుగు కొలతల్లో పట్టికగా రాసి, 32 ఎక్కడైనా వాడారేమో మీరే వెతికి, దొరికిన చోట కొట్టేసి పంపండి.