'అలవాటు' ఒకటే, ఇంగ్లీషు మాటలు అనేకం: అలవాట్లు, ప్రేరణలకు చెందిన పదాలు నేర్చుకునే పద్ధతి

తన అలవాట్ల గురించి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చెప్పమన్నప్పుడు తెలుగువారు ఎక్కువగా తడబడేది మాటల కూర్పు దగ్గరే. 'హ్యాబిట్', 'మోటివేషన్' అనే మాటలు బడి పిల్లలకు కూడా తెలుసు. వాటి ముందు ఏ క్రియ రావాలో, తరువాత ఏ ప్రత్యయం రావాలో తెలియకపోవడం వల్ల, మనసులో ఉన్న తెలుగు వాక్యాన్నే ముక్కలు చేసి ఇంగ్లీషులోకి పేర్చుకుంటాము. కాబట్టి ఈ పదాలను జాబితాగా బట్టీ పట్టవద్దనీ, ఒక్కొక్క తెలుగు మాటను తీసుకుని అది ఇంగ్లీషులో ఎన్ని దారులుగా చీలుతుందో గమనించమనీ నా సలహా.

ఒక నోటు పుస్తకంలో మొదటి పేజీ పైన 'అలవాటు' అని తెలుగులోనే రాసి, దాని కింద మూడు వాక్యాలు రాయండి: 'నాకు పొద్దున్నే లేచే అలవాటు ఉంది', 'చిన్నప్పుడు రోజూ ఈత కొట్టే అలవాటు ఉండేది', 'ఈ చప్పుడుకు అలవాటు పడ్డాను'. మొదటిదానికి చాలామంది 'ఐ యామ్ హ్యావింగ్ ది హ్యాబిట్' అని మొదలుపెడతారు, అది తప్పు. 'ఐ యూజువల్లీ వేక్ అప్ ఎర్లీ' అంటే చాలు, అసలు 'హ్యాబిట్' అన్న మాటతోనే పని లేదు. రెండవది గతంలో ఉండి ఇప్పుడు లేని అలవాటు కనుక 'ఐ యూస్ట్ టు స్విమ్ ఎవ్రీ డే' అవుతుంది. మూడవది 'ఐ యామ్ యూస్ట్ టు దిస్ నాయిస్'. అలవాటు పడుతున్న క్రమాన్ని చెప్పాలంటే 'యామ్' స్థానంలో 'యామ్ గెటింగ్' వస్తుంది.

ఈ రెండవ, మూడవ వాక్యాల దగ్గర కొంతసేపు ఆగడం అవసరం, ఎందుకంటే ఇంగ్లీషు బాగా వచ్చినవారు కూడా ఇక్కడే పొరబడతారు. గతాన్ని చెప్పే 'యూస్ట్ టు' తరువాత క్రియ మూలరూపంలోనే ఉంటుంది. అలవాటు పడడాన్ని చెప్పే 'యామ్ యూస్ట్ టు' తరువాత మాత్రం నామవాచకమో, 'ఇంగ్' చేరిన క్రియో రావాలి: 'ఐ యామ్ యూస్ట్ టు వేకింగ్ అప్ ఎర్లీ'. ఉచ్చారణలోనూ ఒక మెలిక ఉంది. 'వాడాను' అనే అర్థంలో 'యూజ్డ్' అని పలికే మాటకూ దీనికీ అక్షరాలు ఒకటే అయినా, ఈ రెండు ప్రయోగాలలోనూ దానిని 'యూస్ట్' అనే పలుకుతారు. కొందరు దీనికి బదులు 'హ్యాబిట్యుయేటెడ్' అంటారు. అది నిఘంటువులో ఉన్న మాటే అయినా రోజువారీ సంభాషణలో బరువుగా వినిపిస్తుంది.

తరువాతి పేజీలో 'హ్యాబిట్'తో జతకట్టే క్రియలను రాసుకోండి. మనం అలవాటు మానేస్తాము కనుక 'లీవ్ ది హ్యాబిట్' అనాలని తోస్తుంది. ఇంగ్లీషువారు అలవాటును 'బ్రేక్' చేస్తారు, పొగతాగడం వంటి మొండి వ్యసనమైతే 'కిక్' చేస్తారు. కొత్త అలవాటును పట్టుదలతో ఏర్పరచుకుంటే 'ఫామ్', తెలియకుండా అంటుకుంటే 'పిక్ అప్', మెల్లగా అందులోకి వెళితే 'గెట్ ఇంటు'. మానేసిన దానిలోకి తిరిగి జారిపోవడం 'స్లిప్ బ్యాక్ ఇంటు'.

'ప్రేరణ' కూడా ఇలాగే చీలుతుంది. ఒకరిని చూసి కలిగే ఉత్తేజం 'ఇన్‌స్పిరేషన్', పనిని కొనసాగించేలా చేసే లోపలి ఊపు 'మోటివేషన్', బయటినుంచి ఆశ చూపే బహుమతి 'ఇన్‌సెంటివ్'. 'మోటివ్' అన్నప్పుడు మాత్రం జాగ్రత్త పడాలి, ఎందుకంటే అది తరచు నేరం వెనుక కారణాన్నో, దాచిన ఉద్దేశాన్నో సూచిస్తుంది.

'వాయిదా వేయడం' అనే మాటకు ఒక పేజీ పూర్తిగా కేటాయించవచ్చు. సమావేశాన్ని మరొక తేదీకి మార్చడం 'పోస్ట్‌పోన్'. పన్ను నొప్పి ఉన్నా వైద్యుని దగ్గరకు వెళ్లకుండా రోజులు నెట్టడం 'పుట్ ఆఫ్'. చేయవలసిన పని ఎదురుగా ఉన్నా దానిని తప్పించుకుంటూ వేరే పనులు చేయడం 'ప్రొక్రాస్టినేట్'. ఈ చివరి మాట లాటిన్‌లో 'రేపు' అనే అర్థమున్న 'క్రాస్' నుంచి వచ్చింది. రేపటి మీదికి నెట్టడమే దాని మూలార్థం. ఇంతటి పొడవైన మాట ఈ ఒక్క సంగతి తెలిస్తే మనసులో నిలిచిపోతుంది. దీనికి నేరుగా కర్మ చేర్చి 'ఐ ప్రొక్రాస్టినేటెడ్ మై వర్క్' అనకుండా, ఉన్నది ఉన్నట్టుగా 'ఐ ప్రొక్రాస్టినేటెడ్' అనండి.

రాసుకున్నవి నిలవాలంటే మళ్లీ చూడడానికి ఒక క్రమం ఉండాలి. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ తనమీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నదానిలో ఎక్కువ భాగం తొలి గంటల్లో, తొలి రోజుల్లోనే జారిపోతుందని 1885లో ప్రకటించాడు. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన పెట్టెల పద్ధతి ఈ మరుపును ఎదుర్కోవడానికి చక్కగా పనికివస్తుంది. అట్టముక్కకు ఒకవైపు మీ జీవితానికి చెందిన తెలుగు వాక్యం, రెండవవైపు దాని ఇంగ్లీషు రాయండి. చెప్పగలిగిన అట్ట తరువాతి పెట్టెకు వెళ్తుంది, చెప్పలేనిది మొదటి పెట్టెకు తిరిగి వస్తుంది. మొదటి పెట్టెను రోజూ, రెండవదానిని మూడు రోజులకొకసారి, మూడవదానిని వారానికొకసారి తీయండి. రోజుకు అయిదారు కొత్త అట్టలకు మించవద్దు. ఆత్రంతో ఇరవై మొదలుపెట్టినవారు వారం తిరగకముందే పెట్టెను మూలన పెడతారు.

రాత్రి పడుకునేముందు ఆ రోజు గురించి మూడు వాక్యాలు రాసి, పైకి చదవండి. పదాలు మీవయ్యేది ఇక్కడే. ఉదాహరణకు: 'ఐ హ్యావ్ స్టక్ టు మై ప్లాన్ ఫర్ నైన్ డేస్' అంటే తొమ్మిది రోజులుగా అనుకున్నదానికి కట్టుబడి ఉన్నానని. 'ఐ మెంట్ టు రీడ్, బట్ ఐ పుట్ ఇట్ ఆఫ్' అంటే చదవాలనుకున్నాను కానీ వాయిదా వేశానని. ఏదో ఒక రోజు రాయడం తప్పిపోతుంది. ఆ మరునాటి వాక్యం సిద్ధంగానే ఉంది: 'ఐ ఫెల్ బిహైండ్, బట్ ఐ యామ్ గెటింగ్ బ్యాక్ ఆన్ ట్రాక్'. వెనుకబడ్డాను, మళ్లీ దారిలో పడుతున్నాను అని దాని అర్థం. దానిని కూడా ఒక అట్టముక్క మీద రాసి మొదటి పెట్టెలో వేయండి.