స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళ ఇంగ్లీష్‌లో వచ్చే తప్పులు: ఎక్కడ పుడతాయి, ఎలా సరిచేయాలి

మంగళవారం సాయంత్రాలు మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో పెద్దవాళ్ళకు ఇంగ్లీష్ నేర్పే క్లాసుకు వాలంటీరుగా వెళ్తుంటాను. డాలస్ దగ్గరి ఊరు కాబట్టి వచ్చేవాళ్ళలో ఎక్కువమందిది స్పానిష్. మెక్సికో, హోండురాస్, ఎల్ సాల్వడార్, కొలంబియా నుంచి వచ్చినవాళ్ళు. పగలంతా హోటల్ వంటగదిలోనో ఇళ్ళ పైకప్పుల మీదో పనిచేసి, మొహం కడుక్కుని వచ్చి రెండు గంటలు కూర్చుంటారు. అంత అలసటతో వచ్చిన మనిషి నోట్‌బుక్ నిండా ఎర్ర గీతలు కొడితే మిగిలేది టెన్షనే.

మొదట్లో నేనూ తప్పు దిద్దేసి ముందుకు వెళ్ళిపోయేదాన్ని. వచ్చే వారం అదే తప్పు మళ్ళీ వచ్చేది. తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. దిద్దే ముందు "ఇది స్పానిష్‌లో ఎలా అంటారు?" అని అడుగుతాను. వాళ్ళు చెప్పగానే తెలిసిపోతుంది, స్పానిష్ వ్యాకరణాన్ని ఒక్క అక్షరం తప్పకుండా పాటించి, అందులో ఇంగ్లీష్ మాటలు పెట్టారని. చాలాచోట్ల మన తెలుగు వాక్యం కూడా స్పానిష్ వాక్యం నడిచే దారిలోనే నడుస్తుంది. అందుకే ఇలాంటి క్లాసులకు వెళ్ళే తెలుగువాళ్ళకు ఈ తప్పుల మూలం పట్టుకోవడం సులువు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

సమస్య: వాక్యంలో కర్త ఉండదు

"ఈజ్ రెయినింగ్." "ఈజ్ వెరీ ఇంపార్టెంట్." "మై బ్రదర్ ఈజ్ సిక్, ఈజ్ ఇన్ ద హాస్పిటల్."

కారణం: స్పానిష్ క్రియ చివర్లోనే మనిషి ఉంటాడు. "ఆబ్లో" అంటే మాట్లాడతాను, "ఆబ్లాస్" అంటే మాట్లాడతావు. మనమూ "వచ్చాను" అని ఊరుకుంటాం, "నేను" అని వేరే చెప్పం. వాన విషయానికొస్తే స్పానిష్‌లో అసలు కర్తే లేదు. ఇంగ్లీష్ క్రియకు ఆ చివరలు దాదాపు అన్నీ అరిగిపోయాయి. అందుకే అది కర్త చోటు ఖాళీగా ఉండనివ్వదు. ఎవరూ దొరక్కపోతే "ఇట్" అన్నా తెచ్చి పెడుతుంది.

పరిష్కారం: మాట్లాడేటప్పుడు క్రియకు ముందు బల్ల మీద ఒకసారి వేలితో తట్టమంటాను. తట్టిన చోట ఒక మాట పడి తీరాలి. రాతలో అయితే వాళ్ళ ఫోన్‌లోంచి వాళ్ళే ఇంగ్లీష్‌లో పంపిన మెసేజ్‌లు పది తీసి, ప్రతి క్రియకూ సున్నా చుట్టి, దాని ఎడమపక్కన ఎవరున్నారో చూడమంటాను. కొన్ని వారాలకు తట్టడం మానేస్తారు. కానీ చూపుడు వేలు మాత్రం బల్ల మీద కొంచెం లేచి దిగుతూనే ఉంటుంది. అది చూస్తే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

సమస్య: "ఐ హ్యావ్ థర్టీ ఇయర్స్", "ఐ హ్యావ్ హంగర్"

కారణం: వయసు, ఆకలి, దాహం, చలి, నిద్ర, భయం, ఇవన్నీ స్పానిష్‌లో మనిషి దగ్గర ఉండే వస్తువుల్లాంటివి. అన్నిటికీ "తెంగో" అనే క్రియే, అంటే నా దగ్గర ఉంది అని. మనకు ఇవన్నీ "నాకు"తో వస్తాయి: నాకు ముప్పై ఏళ్ళు, నాకు ఆకలిగా ఉంది. ఇంగ్లీష్‌లో మాత్రం "ఐ యామ్" కావాలి.

పరిష్కారం: ఈ ఆరింటినీ ఒకే రోజు, ఒకే గుంపుగా నేర్పండి. విడివిడిగా నేర్పితే ఆకలి దిద్దుకుంటారు, చలి దగ్గర మళ్ళీ జారతారు.

"నాకు" వాక్యం స్పానిష్‌లో లేకపోలేదు. "మె గుస్తా ఎల్ కఫే" అంటే నాకు కాఫీ ఇష్టం, మక్కీకి మక్కీ. అందుకే ఒక్కోసారి "టు మీ లైక్ ద కాఫీ" అని వస్తుంది. ఇష్టపడే మనిషిని ముందు పెట్టి "ఐ లైక్" అనమని చెప్తే సగం పని అయినట్టే. మిగతా సగం ఆ "ద". కాఫీ అనే పదార్థాన్ని గురించి మామూలుగా చెప్పేటప్పుడు కూడా స్పానిష్‌లో "ఎల్" ఉంటుంది. అందుకే "ద లైఫ్ ఈజ్ హార్డ్" అంటారు. మనం "ద" పెట్టడం మర్చిపోతాం, వాళ్ళు తీయడం మర్చిపోతారు. ఏ కాఫీ అని అడిగితే ఫలానా కప్పు చూపించగలిగితేనే "ద" పెట్టమని చెప్పండి.

సమస్య: వాక్యం అంతా బాగానే ఉంది, అర్థమే వేరు

నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. ఒకామె ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ తను రాసింది నాకు చూపించింది: "యాక్చువల్లీ ఐ వర్క్ ఇన్ ఎ కిచెన్." స్పెల్లింగ్ సరే, వ్యాకరణం సరే. టిక్కు పెట్టేశాను. కింది వాక్యంలో "బిఫోర్" అని మొదలుపెట్టి పాత ఉద్యోగం సంగతి రాసి ఉంది. అప్పుడు అనుమానం వచ్చి అడిగాను. ఆమె చెప్పదలచుకున్నది "ప్రస్తుతం వంటగదిలో పనిచేస్తున్నాను" అని. స్పానిష్‌లో "అక్తువల్‌మెంతె" అంటే ప్రస్తుతం. చదివే మేనేజరుకు మాత్రం "మీరు అనుకున్నట్టు కాదు, నిజానికి నేను వంటగదిలో" అన్నట్టు వినిపిస్తుంది. తప్పు కంటికి కనిపించదు కాబట్టి ఎవరూ దిద్దరు, ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది.

కారణం: 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు, ఆ తర్వాతి శతాబ్దాల్లో నేరుగా లాటిన్ మాటలు ఇంగ్లీష్‌లోకి వరదలా వచ్చాయి. స్పానిష్ లాటిన్ కడుపున పుట్టిందే. ఒకే మాట రెండు ఇళ్ళలో పెరిగి రెండు అర్థాలు తెచ్చుకుంది. మనకు సంస్కృతంతో ఇదే అనుభవం. శిక్ష అంటే మనకు దండన, హిందీలో చదువు. ఉపన్యాసం అంటే మనకు ప్రసంగం, హిందీవాళ్ళకు నవల.

తరచూ వచ్చేవి ఇవి. "అసిస్తిర్" అంటే హాజరవడం, అందుకే "ఐ అసిస్ట్ ద క్లాస్" అంటారు. "పరియెంతెస్" అంటే బంధువులు, అమ్మానాన్నలు కారు. "లిబ్రెరీయా" పుస్తకాల షాపు. "కార్పేతా" కాగితాలు పెట్టుకునే ఫైలు. "ఎక్సితో" విజయం. "ఎంబరసాదా" గర్భవతి, దీన్ని సిగ్గుపడటంతో కలిపేస్తే డాక్టరు దగ్గర ఇబ్బంది పడతారు.

పరిష్కారం: పోలిక ఉన్న మాటలన్నిటినీ అనుమానించమని మాత్రం చెప్పకండి. చాలా మాటలు నమ్మదగ్గవే. "సియోన్"తో ముగిసేవి "షన్" అవుతాయి: నాసియోన్, నేషన్. "దాద్"తో ముగిసేవి "టీ" అవుతాయి: యునిబెర్సిదాద్, యూనివర్సిటీ. ఈ రెండు సూత్రాలు మొదటి క్లాసులోనే చెప్తే, తమకు ఇంగ్లీష్ మాటలు అప్పటికే వందల్లో తెలుసని వాళ్ళకు అర్థమవుతుంది. మొహంలో వెలుగు వస్తుంది. మోసం చేసే మాటలను మాత్రం నోట్‌బుక్ చివరి పేజీలో, ఒక్కోదానికి తమ జీవితంలోంచి ఒక వాక్యంతో రాసుకోమనండి. ఇరవై మాటలు చాలు. ఆ దరఖాస్తు రాసినామె పేజీలో మొదటి వాక్యం: "కరెంట్లీ ఐ వర్క్ ఇన్ ఎ కిచెన్."

దీనికే ఇంకో చిక్కు అంటుకుని ఉంది. "ఎక్స్‌టింగ్విష్", "టాలరేట్" లాంటి బరువైన మాటలు వాళ్ళకు సులువు, స్పానిష్‌లో దగ్గరి మాటలున్నాయి కాబట్టి. "పుట్ అవుట్", "పుట్ అప్ విత్" తెలీవు. జలం తెలిసి నీళ్ళు తెలియనట్టు. "వి రాన్ అవుట్ ఆఫ్ ఆనియన్స్" అని షెఫ్ కేకేస్తే, ఎవరు ఎక్కడికి పరుగెత్తారో అర్థం కాక ఒకతను చేతిలో కత్తితో అలాగే నిలబడిపోయాడట. ఉల్లిపాయలు అయిపోయాయని చెప్పినవాళ్ళు లేరు. దీనికి పుస్తకాల్లోని పెద్ద పెద్ద జాబితాలు పనికిరావు. పనిలో ఆ వారం విన్నవి మూడు రాసుకు రమ్మనండి, వాటినే క్లాసులో నటించి చూపించండి.

సమస్య: "యు లైక్ కాఫీ?", "వేర్ యు లివ్?", "డిడ్ యు వెంట్?"

కారణం: అవునా కాదా అని అడిగే ప్రశ్నకు స్పానిష్‌లో మాటల వరస మారనక్కర్లేదు, గొంతు లేపితే చాలు. రాతలో గొంతు వినపడదు కాబట్టి ప్రశ్న మొదట్లోనే తలకిందుల ప్రశ్న గుర్తు పెడతారు. స్పెయిన్ రాయల్ అకాడెమీ 1754లో ఆ పద్ధతి పెట్టింది. మనకూ "తాగుతావా" అని చివర దీర్ఘం తీస్తే సరిపోతుంది కాబట్టి, "డు" ఎందుకో మన పిల్లలకూ ఒక పట్టాన ఎక్కదు.

పరిష్కారం: "డు" అంటే నోటితో పలికే తలకిందుల ప్రశ్న గుర్తు అని చెప్తాను. బోర్డు మీద ఆ గుర్తు గీసి, దాన్ని చెరిపి అదే చోట "డు" రాస్తాను. "వేర్ యు లివ్?" దగ్గర ఆ గుర్తు "వేర్" తర్వాతికి జరుగుతుందని చూపిస్తాను. గతకాలం అయితే "డిడ్" ఆ బరువు మోస్తుంది, క్రియ మళ్ళీ మోయక్కర్లేదు, కాబట్టి "గో" చాలు.

సమస్య: "మరియా అండ్ హిజ్ హస్బెండ్"

అతని, ఆమె అనే తేడా మనకు స్పష్టంగా ఉంటుంది కాబట్టి ఈ తప్పు మనకు వింతగా తోస్తుంది. ఆడా మగా తేడా తెలీక కాదు. స్పానిష్‌లో అతని, ఆమె, వాళ్ళ, మీ, అన్నిటికీ ఒకటే మాట: "సు". పైగా అది తర్వాత వచ్చే వస్తువును బట్టి ఏకవచనమో బహువచనమో అవుతుంది. అంటే ముందుకు చూస్తుంది. ఇంగ్లీష్ మాట వెనక్కి, సొంతదారు వైపు చూస్తుంది. "హిజ్" లేదా "హర్" మీద నుంచి సొంతదారు పేరుకు వెనక్కి బాణం గీయమనండి. నాలుగు బాణాలు గీశాక ఐదోది వాళ్ళే దిద్దుకుంటారు.

సమస్య: "ఐ లివ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్"

ఇది మనం కూడా చేసే తప్పే. "అయిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను" అంటాం, వర్తమానం. స్పానిష్‌లోనూ ఇక్కడ వర్తమానమే. బోర్డు మీద గీత గీసి, వచ్చిన సంవత్సరం దగ్గర "సిన్స్" అని ఆ సంవత్సరంతో కలిపి, గీత పొడవు మీద "ఫర్ ఫైవ్ ఇయర్స్" అని రాయండి. చుక్కకు సిన్స్, పొడవుకు ఫర్. ఇక క్రియ "హ్యావ్ లివ్డ్" అని మారడానికి నెలలు పడుతుంది, తొందరపెట్టకండి.

కొన్ని చిన్నవి

"ద రెడ్స్ కార్స్": స్పానిష్‌లో విశేషణానికీ బహువచనం ఉంటుంది, ఇంగ్లీష్‌లో ఎన్ని కార్లున్నా రంగు ఒకటే. "పీపుల్ ఈజ్": "లా హెంతె" అక్కడ ఏకవచనం. "ఐ డోంట్ హ్యావ్ నథింగ్": స్పానిష్‌లో రెండు కాదనడాలు కలిసే ఉండాలి. "ఎస్టూడెంట్", "ఎస్కూల్": స్పానిష్ మాట సకారం పక్కన ఇంకో హల్లుతో మొదలవదు. మన పల్లెల్లో పెద్దవాళ్ళు "ఇస్కూలు" అన్నట్టే. పాములా బుస కొట్టడంతో మొదలుపెట్టి, ఆపకుండా మాటలోకి వెళ్ళమంటే వస్తుంది.

సమస్య: "డిపెండ్ ఆఫ్", "మ్యారీడ్ విత్", "డ్రీమ్ విత్"

వీటికి సూత్రం వెతికి టైమ్ వేస్ట్ చేయకండి. స్పానిష్‌లో ఆ క్రియలకు అంటుకుని ఉండే చిన్న మాటలే ఇక్కడికీ వచ్చాయి. "డిపెండాన్", "మ్యారీడ్‌టు" అని ఒకే మాటగా పలికించండి, ఒకే మాటగా రాయించండి.

"ఇన్", "ఆన్", "ఎట్" మాత్రం నేర్పగలం. స్పానిష్‌లో మూడింటికీ చాలాసార్లు "ఎన్" ఒక్కటే సరిపోతుంది. నేను వాళ్ళ సొంత అడ్రసుతోనే నేర్పుతాను: ఊరికి "ఇన్", వీధికి "ఆన్", ఇంటి నంబరుకు "ఎట్". అర్ధరాత్రి 911కి ఫోన్ చేయాల్సి వస్తే తడుముకోకుండా చెప్పాల్సింది అదే కదా. అందుకని ప్రతి మంగళవారం క్లాసు మొదలయ్యే ముందు, కుర్చీలు లాక్కుంటూనే, పక్కవాళ్ళకు ఒకసారి తమ అడ్రసు చెప్పేస్తారు.