మోకాలి పరీక్షలు, 4వ పాఠం: పెరిగింది గెంతా, టేపు తేడానా?

పోయిన పాఠంలో ఒంటికాలి గెంతు కొలవడం నేర్చుకున్నాం. గీత దగ్గర బొటనవేలు ఆనించి, ఒంటికాలిమీద ముందుకు గెంతి, అదే కాలిమీద తూలకుండా రెండు సెకన్లు ఆగాలి. మడమ పడిన చోటికి టేపు పట్టాలి. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ల ఆడినవాళ్లకు ఇదేం కొత్త కాదు. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మొచ్చు?

ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ఒక ముఖ్యమైన కట్టు) ఆపరేషన్ అయిన కబడ్డీ కుర్రాడొకడు వచ్చాడనుకోండి. బాగున్న కాలితో 150 సెం.మీ. గెంతాడు, ఆపరేషన్ కాలితో 132. 132ను 150తో భాగించి వందతో గుణిస్తే 88 శాతం. మళ్లీ కోర్టులోకి దిగాలంటే చాలాచోట్ల 90 ఉండాలంటారు. వారం తర్వాత అదే కాలితో 136 గెంతాడు. అంటే 90.7. "సార్, పాసైపోయా!" అని వాడు ఎగిరి గంతేస్తాడు. మీరు మాత్రం అప్పుడే సరే అనకండి.

ఆ 4 సెం.మీ. ఎక్కడిదో తెలియాలంటే, మోకాలిలో ఏ మార్పూ లేనివాళ్ల మీద పరీక్ష రెండుసార్లు పెట్టి చూడాలి. వారం తేడాతో, అదే వేళకి, అదే నేల మీద, అవే బూట్లతో. టేపు పట్టే మనిషి కూడా మారకూడదు. ఆరుగురు ఆటగాళ్లకు రెండో రోజు కొలతలోంచి మొదటి రోజుది తీసేస్తే ఇలా వచ్చిందనుకుందాం: +6, −2, +4, +9, −3, +4.

కాగితం తీసుకుని నాతోపాటు చేయండి. మొత్తం 18, సగటు 3. ఒక్కో అంకెలోంచి 3 తీసేస్తే 3, −5, 1, 6, −6, 1. వీటి వర్గాలు 9, 25, 1, 36, 36, 1. కూడితే 108. ఆరుగురు కాబట్టి ఒకటి తగ్గించి 5తో భాగిస్తే 21.6, దాని వర్గమూలం 4.65. నూటికి 95 తేడాలు ఇమిడే హద్దు కోసం దీన్ని 1.96తో గుణిస్తే దాదాపు 9 సెం.మీ. మోకాలు ఉన్నచోటే ఉన్నా కొలత అటూ ఇటూ ఊగే మేర అది. మన కుర్రాడి 4 సెం.మీ. అందులో సగం కూడా లేదు. వాడు బాగుపడలేదని కాదు, బాగుపడ్డాడని ఈ కొలతతో చెప్పలేం, అంతే. నిజానికి ఆరుగురు చాలా తక్కువ. లెక్క చేయి తిరగడానికే ఇంత చిన్నది తీసుకున్నాను, మీ గ్రౌండులో ఇరవై ముప్పై మందినైనా పట్టుకోండి.

ఇది కాగితం మీది గొడవే అనుకోకండి. ఏసీఎల్ సర్జరీ అయిన 42 మంది మీద 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో, గెంతు పరీక్షల శాతం దాదాపు 7 నుంచి 13 పాయింట్లు మారితేగానీ అది నిజమైన మార్పని చెప్పలేమని తేలింది. పరీక్షను బట్టి అంకె మారుతుంది. 88 నుంచి 90.7కి వచ్చినందుకు సంబరం ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసిందిగా.

ఇందాకటి సగటు 3 సంగతి మరిచిపోలేదు. అది అలవాటు వల్ల వచ్చే పెరుగుదల కావచ్చు. రెండోసారికి కుర్రాళ్లకు గెంతే ఒడుపు తెలిసిపోతుంది. అందుకే కొలిచే ముందు రెండు మూడు ఉత్తుత్తి గెంతులు వేయించండి.

పరిశోధన వ్యాసాల్లో ఐసీసీ అనే అంకె కనిపిస్తుంది. మళ్లీ కొలిచినప్పుడు ఫలితాలు ఎంత బాగా కలుస్తాయో చెప్పే అంకె అది, ఒకటికి దగ్గరైన కొద్దీ మంచిది. 0.9 దాటితే భేష్ అంటారు. నాకు దానితో ఒక పేచీ ఉంది. ఎనిమిదో తరగతి పిల్లాడిని, రాష్ట్రస్థాయి ఆటగాడిని ఒకే గుంపులో కలిపితే చాలు, ఐసీసీ దానంతటదే పెరుగుతుంది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది కలగాపులగం కాదు కాబట్టి. ఒక్క మనిషిలో మార్పు చూసే మనకు కావలసింది సెంటీమీటర్లలో ఉన్న ఆ 9.

బాగున్న కాలినీ పూర్తిగా నమ్మకండి. నెలల తరబడి ఆట మానేస్తే అదీ నీరసిస్తుంది. అప్పుడు దెబ్బ కాలు మెరుగుపడకపోయినా శాతం పెరిగిపోతుంది. రెండు కాళ్ల సెంటీమీటర్లూ విడివిడిగా రాసిపెట్టుకోండి.

ఈ వారం పని: పదిమందిని రెండు రోజులు గెంతించి మీ సొంత అంకె తేల్చండి. వచ్చే పాఠంలో కోన్లు పెట్టి టీ-టెస్టు పరుగు తీయిద్దాం. స్టాప్‌వాచ్ నొక్కే మీ బొటనవేలు ఎంత ఆలస్యం చేస్తుందో అక్కడ చూద్దాం.