కారు బ్లూటూత్‌లో కాల్స్ సరిగా రావడం లేదా? స్టీరియో విప్పే ముందు చూడాల్సినవి

స్టీరియో పాడైందని, కొత్తది పెట్టమని నల్గొండలో మా దగ్గరికి వచ్చే కార్లలో చాలావాటికి స్టీరియో బాగానే ఉంటుంది. స్క్రూ విప్పక్కర్లేదు, వైరు కోయక్కర్లేదు. ఫోను సెట్టింగుల్లో ఒక మీటో, కారు జాబితాలో ఒక పేరో సరిచేస్తే పని అయిపోతుంది. కానీ జనం డబ్బు ఖర్చయ్యాక గానీ అక్కడ చూడరు. ఆ ఖర్చు తప్పించాలనే ఇది రాస్తున్నాను. ఫోనును కారుతో జత చేయడం మీకు తెలిసే ఉంటుందనుకుని మొదలుపెడతాను.

తెర మీద "కనెక్టెడ్" అని కనిపించినంత మాత్రాన అన్నీ కలిసినట్టు కాదు. బ్లూటూత్‌లో కాల్స్‌కు, పాటలకు, ఫోనులోని పేర్లకు వేర్వేరు ప్రొఫైళ్లు, అంటే వేర్వేరు దారులు ఉంటాయి. కాల్స్‌ది హెచ్‌ఎఫ్‌పీ, పాటలది ఏ2డీపీ, పేర్లది పీబీఏపీ. ఒకటి కలిసి ఇంకొకటి కలవకపోవడం రోజూ చూసేదే.

పాటలు వస్తాయి, కాల్ మాట రాదు

ఫోనులో బ్లూటూత్ తెరిచి, కారు పేరు పక్కనున్న చక్రం గుర్తు నొక్కండి. ఆండ్రాయిడ్‌లో అయితే ఫోన్ కాల్స్, మీడియా ఆడియో, కాంటాక్టులు అని మీటలు కనిపిస్తాయి. మాటల్లో ఫోనుకీ ఫోనుకీ కాస్త తేడా ఉండవచ్చు. కాల్స్ మీట ఆఫ్‌లో ఉంటే కారణం దొరికినట్టే. చాలా కార్ల తెర మీద కూడా ప్రతి ఫోను పేరు పక్కన రెండు చిన్న బొమ్మలుంటాయి, ఒకటి ఫోనుది, ఒకటి సంగీతానిది. ఫోను బొమ్మ వెలగకుండా ఉంటే దాని మీద నొక్కండి.

ఐఫోన్‌లో కాల్స్, మీడియా మీటలు ఉండవు. అక్కడ సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీ, దానిలో టచ్, దానిలో కాల్ ఆడియో రూటింగ్ చూడాలి. అది ఆటోమేటిక్‌లో ఉండాలి. స్పీకర్ అని పెట్టి ఉంటే కారుతో కలిసి ఉన్నా మాట ఫోనులోంచే వస్తుంది.

ఇవి సరిగా ఉన్నా వినపడకపోతే కాల్ సౌండు చూడండి. పాటల సౌండు వేరు, కాల్ సౌండు వేరు. కాల్ నడుస్తున్నప్పుడే నాబ్ తిప్పాలి. కాల్ లేనప్పుడు ఎంత తిప్పినా పెరిగేది పాటల సౌండే. దీన్ని చూడకుండా నాలుగు డోర్ల స్పీకర్లూ మార్పించుకున్నవాళ్లు ఉన్నారు. తిప్పితే పోయేదానికి అంత డబ్బు పోయిందంటే నాకు బాధ కలుగుతుంది.

కలుస్తుంది, వెంటనే తెగిపోతుంది. కొత్త ఫోను అసలు కలవదు

జత చేసినప్పుడు ఫోను, కారు రెండూ ఒక రహస్య సంకేతాన్ని దాచుకుంటాయి. మీరు ఫోనులో మాత్రమే కారు పేరు తీసేస్తే కారు దగ్గర పాతది మిగిలే ఉంటుంది. కొన్ని కార్లు ఆ పాతదాన్నే పట్టుకుని కొత్త జతకు ఒప్పుకోవు. అందుకని తీసేస్తే రెండు వైపులా తీసేయండి. "అన్నీ చేసి చూశాను" అని చెప్పేవాళ్లలో కారు జాబితా తెరిచి చూసినవాళ్లు తక్కువ.

రెండు వైపులా తీసేశాక ఇంజిన్ ఆపి, తలుపు తెరిచి, దిగి, తాళం వేసి కొన్ని నిమిషాలు ఆగండి. తాళం చెవి తీసినా తలుపు తెరిచేదాకా చాలా స్టీరియోలు మేలుకొనే ఉంటాయి. తర్వాత బండి నిలిపి ఉంచే మళ్లీ జత చేయండి. కదులుతున్నప్పుడు చాలా కార్లు జత చేయనివ్వవు, అది మంచిదే. పాత స్టీరియో పిన్ అడిగితే 0000 లేదా 1234 కొట్టి చూడండి.

కారు జాబితాలో పట్టే ఫోన్లకు పరిమితి ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బండి అయితే పాత యజమాని ఇంటిల్లిపాది ఫోన్లూ అందులోనే ఉంటాయి. అవన్నీ తుడిచేయండి. మీరు బండి అమ్మేటప్పుడు కూడా తప్పకుండా తుడిచి ఇవ్వండి, మీ కాంటాక్టులు పరాయివాళ్ల చేతికి వెళ్లకూడదు.

ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి పనిచేయదు

ఈ లక్షణం దగ్గరే అందరూ మోసపోతారు, మెకానిక్కులతో సహా. పై పరీక్షలన్నీ దీనిలో సరిగానే తేలతాయి. షెడ్డుకు తెస్తే పనిచేస్తుంది, ఇంటికి తీసుకెళ్తే పనిచేయదు.

మిర్యాలగూడ నుంచి ఒక రైస్‌మిల్లు యజమాని ఇదే బాధతో వచ్చారు. అప్పటికే వేరే చోట స్టీరియో మార్పించుకున్నారు. కొత్త దానిలోనూ అదే తంతు. పొద్దున ఇంటి నుంచి బయలుదేరితే కాల్స్ కారులోకి రావు. మధ్యాహ్నం మిల్లు నుంచి బయలుదేరితే వస్తాయి. నా దగ్గర ఎంతసేపు పరీక్షించినా ఏ లోపమూ కనిపించలేదు. అప్పుడు ఆయన మాటల్లో మాటగా అన్నారు: "పొద్దుపూట మా ఇంట్లో ఆవిడ ఫోను కూడా సరిగా ఉండదండీ, ఎవరైనా చేస్తే ఎత్తినా మాట వినపడదు." దానితో చిక్కు విడిపోయింది.

ఎప్పుడో యాదగిరిగుట్టకు వెళ్తూ దారిలో పాటల కోసం ఆవిడ ఫోనును కారుతో జత చేశారు. కారు నిలిపేది ఇంటి పోర్టికోలో. వంటింట్లోనో హాల్లోనో ఉన్న ఆ ఫోను గోడ అవతలే ఉంటుంది. బ్లూటూత్ మామూలుగా పది మీటర్ల వరకు పనిచేస్తుందంటారు, గోడలుంటే తగ్గుతుంది. పోర్టికోకూ హాలుకూ మధ్య అంత దూరం ఎక్కడుంటుంది? తాళం తిప్పగానే స్టీరియో తన జాబితాలోని ఫోన్లను ఒకటొకటిగా పిలుస్తుంది. ముందు పలికినదానితో కలుస్తుంది. కాల్స్ కోసం ఒక్క ఫోనునే పట్టుకునే స్టీరియోలే ఎక్కువ, కాబట్టి జేబులో ఉన్న ఆయన ఫోనుకు చోటు లేదు. ఆవిడకు వచ్చిన కాల్ మాటేమో బయట కారు స్పీకర్లలో మోగుతోంది. గేటు దాటి కాస్త దూరం వెళ్లాక ఆ బంధం తెగుతుంది, కానీ కొన్ని స్టీరియోలు బయలుదేరేటప్పుడే వెతుకుతాయి, తర్వాత వెతకవు. దాంతో దారి పొడవునా ఖాళీ.

దీన్ని పట్టుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. కారు తెర పైమూల చూడండి. కలిసిన ఫోను బ్యాటరీ గీత, సిగ్నల్ గీతలు చాలా కార్లలో అక్కడ కనిపిస్తాయి. ఆ సమాచారం ఫోను నుంచే వస్తుంది. మీ ఫోను నిండా ఛార్జింగ్‌తో ఉంటే కారు తెర మీద బ్యాటరీ సగమే కనిపిస్తోందా? అయితే కారు పట్టుకున్నది మీ ఫోను కాదు. తెర మీద గీతలు లేకపోతే కారును వీధి చివరిదాకా తీసుకెళ్లి, ఇంజిన్ ఆపి, తలుపు తెరిచి మూసి, మళ్లీ స్టార్ట్ చేయండి. అక్కడ పనిచేస్తే దొంగ ఇంట్లోనే ఉంది.

పరిష్కారం: కారు జాబితాలో అక్కర్లేని ఫోన్లు తీసేయండి. ఇంట్లోవాళ్లకు పాటలు కావాలంటే, వాళ్లది ఆండ్రాయిడ్ ఫోనైతే దానిలో కారు పేరు కింద ఫోన్ కాల్స్ మీట ఆఫ్ చేసి, మీడియా మాత్రం ఉంచండి. కొన్ని స్టీరియోల్లో ఫోను పేరు పక్కన నక్షత్రం గుర్తో, ప్రయారిటీ అన్న మాటో ఉంటుంది. డ్రైవరు ఫోనుకు దాన్ని పెట్టండి.

ఇదే దొంగకు ఇంకో వేషం ఉంది: నెక్‌బ్యాండ్, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచ్. ఇక్కడ కారు మీ ఫోనునే పట్టుకుని ఉంటుంది. తెర మీద పేరు వస్తుంది, స్టీరింగ్ బటన్‌తో ఎత్తుతారు, మాట మాత్రం రాదు. మీ ఫోను ఒకేసారి కారుతోనూ నెక్‌బ్యాండ్‌తోనూ కలిసి ఉండగలదు, కానీ కాల్ మాటను ఒక్కదానికే పంపుతుంది. డ్యాష్‌బోర్డు అరలో పడేసిన నెక్‌బ్యాండ్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. కొన్నింటిలో రెండు చెవి ముక్కలూ అయస్కాంతంతో అంటుకుని ఉంటే ఆఫ్, విడిపోతే ఆన్. దేవరకొండ రోడ్డులో నాలుగు గుంతలు దాటేసరికి ముక్కలు విడిపోయి లైటు మెరుస్తుంటుంది. ఆ క్షణం నుంచి మీ కాల్స్ అన్నీ ఆ అరలోకే. బండి పక్కకు ఆపి, కాల్ తెర మీద స్పీకర్ గుర్తు నొక్కితే మాట ఎక్కడికి వెళ్తోందో వరుసగా పేర్లు కనిపిస్తాయి. కారు పేరు ఎంచుకోండి. తర్వాత నెక్‌బ్యాండ్‌ను బటన్ నొక్కి పూర్తిగా ఆపి పెట్టుకోండి.

ఎవరైనా "ఒక్కోసారి" అన్న మాట వాడితే స్టీరియో జోలికి వెళ్లకుండా, చుట్టుపక్కల బ్లూటూత్ ఉన్న వస్తువులన్నింటినీ ఆపించి చూడటమే నేను చేసే మొదటి పని. తోటి మెకానిక్కులను కూడా కోరేది ఇదే.

మనకు వినపడుతుంది, అవతలివాళ్లకు వినపడదు

ఇది మైకు సంగతి. కంపెనీ అమర్చినదైతే చాలా కార్లలో లోపలి లైటు దగ్గర ఉంటుంది. బయట పెట్టించిన స్టీరియోకు ముందు పలక మీద సూది మొన అంత రంధ్రం ఉంటుంది, పక్కనే మైక్ అని రాసి ఉంటుంది. దుమ్ము పట్టిందా, స్టిక్కర్ కప్పేసిందా చూడండి. విడి మైకు వైరు ఉన్న స్టీరియో అయితే, వెనక దాని పిన్ను ఊడిందేమో చూడాలి. పైకప్పు గుడ్డ మార్పించిన తర్వాత మొదలైందంటే ముందు అనుమానించాల్సింది మైకు వైరునే.

మన ఎండల్లో ఇంకో కారణం ఏసీ గాలి. మేలో ఫ్యాన్ పూర్తిగా పెట్టి గాలిని మైకు వైపు తిప్పితే అవతలివాళ్లకు హోరు తప్ప మాట వినపడదు. వాళ్ల మాట వాళ్లకే తిరిగి వినపడుతోందంటే మీ కాల్ సౌండు తగ్గించండి.

పేర్లు రావు, నంబర్లే వస్తాయి

జత చేసేటప్పుడు ఫోను కాంటాక్టుల అనుమతి అడిగితే "వద్దు" నొక్కి ఉంటారు. చక్రం గుర్తులోకి వెళ్లి ఆ మీట ఆన్ చేయండి. పేర్ల చోట ఖాళీ గడులు కనిపిస్తే స్టీరియోలో తెలుగు అక్షరాలు లేవని అర్థం. ముఖ్యమైన పేర్లనైనా ఇంగ్లీషు అక్షరాల్లో దాచుకోవడమే దీనికి దారి.

మిగిలినవి

ఫోనులోని మ్యాపులు, పాటలు కారు తెర మీద చూపే ఆండ్రాయిడ్ ఆటోను వైరుతో వాడుతున్నా కాల్స్ బ్లూటూత్ మీదే వెళ్తాయి, దాన్ని ఆపకండి. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లాక కాల్ తెగితే అది టవర్ల సంగతి. బ్లూటూత్ గుర్తు వెలుగుతూ ఉంటే కారును తప్పుపట్టకండి. వాట్సాప్ కాల్స్ కొన్ని పాత స్టీరియోల్లోకి రావు, మామూలు కాల్స్ వస్తే వదిలేయండి. బ్లూటూత్ చిప్ కాలిపోవడం, యాంటెనా విరగడం అరుదు. ఏ ఫోనూ, ఏ చోటా కలవనప్పుడే వాటి గురించి ఆలోచించాలి.

కారు పనిచేయనప్పుడు ఫోను చేత్తో పట్టుకుని నడపకండి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ దాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌గానే చూస్తుంది. మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. విజయవాడ హైవే మీద లారీల మధ్య ఒక చేత్తో నడపడం ఎంత ప్రమాదమో చట్టం చెప్పాల్సిన పని లేదు.

ఇవన్నీ చూశాకే ఫోనులో నెట్‌వర్క్ సెట్టింగుల రీసెట్ చేయండి. దానితో వైఫై పాస్‌వర్డులు కూడా పోతాయి, ముందే రాసిపెట్టుకోండి. అప్పటికీ కుదరకపోతే స్టీరియోను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మొదట డ్రైవరు ఫోనును ఒక్కదాన్నే జత చేసి, రెండు రోజులు అలాగే వాడి చూడండి.