షేప్ మెమరీ తీగతో కాంక్రీట్ పిల్లర్‌ను బిగించడం

బలం పెంచడానికి పిల్లర్‌కు ఫైబర్ (కార్బన్ లేదా గాజు పోగుల గుడ్డ) చుడితే, లోపలి కాంక్రీట్ నలిగి పక్కలకు ఉబ్బితే గానీ ఆ చుట్టుకు పని తగలదు. షేప్ మెమరీ తీగ అంతదాకా ఆగదు. ముందే సాగదీసిన తీగను చుట్టి వేడి చేస్తే పాత పొడవుకు కుదించుకుపోవాలని చూస్తుంది. కొసలు కట్టేసి ఉంటాయి కాబట్టి ఆ బలమంతా పిల్లర్‌ను నొక్కుతుంది.

తీగ ఎంపికలోనే సగం పని తేలిపోతుంది. మామూలు నికెల్-టైటానియం తీగల్లో చాలావాటికి వేడిగా ఉన్నంతసేపే బిగువు, చల్లారగానే సడలిపోతాయి. నయోబియం కలిపిన రకం (పరమాణువుల లెక్కన నికెల్ 47, టైటానియం 44, నయోబియం 9 శాతం) చల్లారాక కూడా 400–500 మెగాపాస్కల్ ప్రతిబలం (చదరపు మిల్లీమీటరుకు అన్ని న్యూటన్ల లాగుడు) నిలుపుకుంటుంది. ఇనుము-మాంగనీస్-సిలికాన్ పట్టీలు చవకే గానీ, వాటిని 160 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి. మిగిలేది 300 మెగాపాస్కల్ చుట్టుపక్కల. తీగ బిగియడం మొదలయ్యే ఉష్ణోగ్రత, బిగియడం పూర్తయ్యే ఉష్ణోగ్రత, చల్లబడేటప్పుడు సడలడం మొదలయ్యే ఉష్ణోగ్రత: ఈ మూడు అంకెలూ లేని సర్టిఫికెట్‌తో వచ్చిన సరుకు తీసుకోవద్దు. మొదటిది గోదాములో ఉండే వేడికి బాగా పైన, మూడోది పిల్లర్ ఉన్న చోట పడే అతి చలికి బాగా కింద ఉండాలి.

గుండ్రటి పిల్లర్‌కు నొక్కుడు లెక్క ఇది: 2 × తీగ అడ్డుకోత వైశాల్యం × నిలిచే ప్రతిబలం ÷ (పిల్లర్ వ్యాసం × చుట్ల మధ్య దూరం). 300 మి.మీ. పిల్లర్, 2 మి.మీ. తీగ, 10 మి.మీ. దూరం, 450 మెగాపాస్కల్ అనుకుంటే 0.94 మెగాపాస్కల్ వస్తుంది. 1928 నాటి రిచర్ట్ సూత్రం ప్రకారం దీన్ని 4.1తో గుణించి కాంక్రీట్ బలానికి కలపాలి. 20 మెగాపాస్కల్ ఉన్న కాంక్రీట్ బలం దాదాపు 24 అవుతుంది. అసలు లాభం ఈ నాలుగు కాదు, చిట్లిపోకుండా వంగగలిగే గుణం పెరగడం. అందుకే పిల్లర్ మొత్తానికి కాక, భూకంపంలో ఎక్కువగా వంగే పై, కింది భాగాలకు చుడితే చాలు. 600 మి.మీ. ఎత్తుకు 60 చుట్లు, చుట్టుకు 0.95 మీటర్లు, కొసలతో కలిపి 60 మీటర్లకు తగ్గకుండా తీగ తెప్పించుకోవాలి.

చతురస్రపు పిల్లర్‌కు ఈ లెక్క పనికిరాదు. తీగ మూలల్నే నొక్కుతుంది, మధ్య ముఖాలను వదిలేస్తుంది. ముందు చుట్టూ కాంక్రీట్ పోసి గుండ్రంగా చేసుకోవడం మేలు.

దెబ్బతిన్న పిల్లరైతే మొదట బరువుకు సపోర్టులు పెట్టాలి. ఊడిన కవర్ (లోపలి స్టీల్ మీది కాంక్రీట్ పొర) తీసి, గుంటలు మోర్టార్‌తో పూడ్చి, ఉబ్బెత్తులు గ్రైండ్ చేయాలి. మోర్టార్ గట్టిపడి ఆరాకే చుట్టాలి. తడి కాంక్రీట్ టార్చ్ వేడిని తాగేస్తుంది.

ఇక చుట్టడం. మొదటి రెండు చుట్లు ఒకదాన్నొకటి ఆనుకునేలా వేసి, కొసను క్లాంపులతో పట్టించి, అప్పుడు స్పైరల్ మొదలుపెట్టాలి. కొసలకు వెల్డింగ్ వద్దు. అక్కడ తీగ పెళుసై తెగుతుంది. ఎక్కువ పనులు చెడేది సడలు దగ్గరే. తీగ కింద చుట్టూ 1 మి.మీ. సందు ఉంటే ఒక్క చుట్టులో 6.3 మి.మీ. పొడవు వృథా, అంటే 0.67 శాతం. తీగలో సాగదీసి పెట్టినదే 6 శాతం చుట్టుపక్కల. స్పూల్‌కు బ్రేక్ పెట్టి, ఒకరు లాగి పట్టుకుంటుంటే మరొకరు చుట్టాలి.

గ్యాస్ టార్చ్ మంటను ఒకే చోట నిలపకుండా తీగ వెంట నడిపించాలి. సర్టిఫికెట్‌లోని ముగింపు ఉష్ణోగ్రతకు 20–30 డిగ్రీలు పైకి పోతే చాలు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను నమ్మకండి: మెరిసే లోహం మీద అది తక్కువ చూపిస్తుంది, వేడి చాల్లేదనుకుని తీగను మాడ్చేస్తారు. తీగకు ఆనించిన థర్మోకపుల్ (తాకి వేడిని కొలిచే సాధనం) గానీ, ఉష్ణోగ్రతకు కరిగే క్రేయాన్ గానీ వాడాలి. చల్లారాక ప్రతి చుట్టునూ వేలితో పక్కకు నెట్టి చూడండి. కదిలితే అక్కడ వేడి అందలేదన్నమాట (ఎక్కువగా గోడ వైపు చుట్లే ఇలా మిగిలిపోతాయి). మళ్లీ వేడి చేయొచ్చు. క్లాంపులో జారినదైతే మళ్లీ వేడి చేసినా లాభం లేదు. దాని సాగు ఖర్చయిపోయింది కాబట్టి తీసేసి కొత్త తీగ చుట్టాలి.

చివరగా తీగ పూర్తిగా మునిగేలా మోర్టార్ పూత వేయాలి. పాత స్టీల్ బయటపడి ఉన్నచోట తీగ దానికి తగలకూడదు. తేమ చేరితే తుప్పు పట్టేది ఆ స్టీలుకే.